నూరు డిగ్రీల అన్నం

కొర్రా దాలమ్మ పదిహేడేళ్లుగా రోజూ నీళ్లు మరగబెడుతోంది. అవి మరిగాయో లేదో ఇన్నేళ్లలో ఆమెను ఎవరూ అడగలేదు. అడగాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. పొయ్యి మీద గుండిగలో నీళ్లు మొదట చిటచిటమంటాయి, తర్వాత బుసకొడతాయి, ఆపైన కుతకుతలాడతాయి. కుతకుత వినబడగానే కడిగిన బియ్యం పోస్తుంది. గంట కొట్టేసరికి మంచుగెడ్డ బాలికల ఆశ్రమ పాఠశాలలో రెండువందల పన్నెండు మంది ఆడపిల్లలు కంచాలు పట్టుకుని వరండాలో బారులు తీరతారు. వాళ్లకి వేడన్నం పడుతుంది. ఇందులో ప్రభుత్వానికి పనేమీ లేదు.

పని కల్పించింది ఎక్కడో మైదానంలో ఉన్న ఒక హాస్టల్. అక్కడి వంటాయన గోరువెచ్చటి నీళ్లలో బియ్యం పోసేసి మ్యాట్నీకి వెళ్లిపోయాడు. ఆ అన్నం తిన్న పిల్లలు రెండ్రోజులు కడుపు పట్టుకు తిరిగారు. దాని మీద వేసిన విచారణ సంఘం మూడు నెలలు కూర్చుని నూట నలభై పేజీల నివేదిక ఇచ్చింది. అందులో మ్యాట్నీ ప్రస్తావన లేదు. "నీరు తగు స్థాయిలో మరగకపోవుటయే సదరు ఘటనకు మూలకారణము" అని తేల్చింది. అంటే తప్పు నీళ్లది. నీళ్లను దారిలో పెట్టడానికి వసతిగృహ భోజన ప్రమాణాల శాఖ ఒక పథకం తెచ్చింది. దాని పేరు "సంపూర్ణ మరుగు".

మంచుగెడ్డ బడి గోడ మీద "నూరు డిగ్రీల మరుగు, నూరేళ్ల వెలుగు" అని పెద్ద అక్షరాలతో రాయించారు. మర్నాడే చుట్టుపక్కల గూడేలవాళ్లు వచ్చి మరుగుదొడ్ల కోసం అర్జీలు పెట్టుకుని వెళ్లారు. వార్డెన్ ఆ అర్జీలను పైకి పంపితే, పథకానికి ప్రజల్లో విశేష స్పందన లభించిందని పత్రికలకు ప్రకటన వెళ్లింది.

శిక్షణ కోసం వంటవాళ్లందరినీ కొండ కిందికి పిలిచారు. ప్రత్యేకాధికారి తాడికొండ శేషావతారం గారు వేదిక మీద నిలబడి మాట్లాడారు. ఆయన పల్చటి మనిషి, బరువైన మాటలవాడు.

"ఇంతకాలం మన వంటశాలల్లో నీరు దాని ఇష్టం వచ్చినట్టు మరిగింది. ఎవరి పర్యవేక్షణా లేదు. ఇకమీదట అది నియమబద్ధంగా మరుగుతుంది. నీరు నూరు డిగ్రీల వద్ద మరుగును. ఇది సైన్సు. ఇప్పుడు జీవో కూడా."

వంటవాళ్లు చప్పట్లు కొట్టారు. తలా ఒక పెట్టె ఇచ్చారు. పెట్టెలో పొడుగాటి ఇనప పుల్ల, దానికో తీగ, తీగ చివర ఒక ఫోను. పుల్లను నీళ్లలో ముంచితే ఎంత వేడో ఫోను చూపిస్తుంది. నూరు రాకముందు తెర మీద ఎర్రటి అరచెయ్యి కనబడి "ఆగుము" అంటుంది. నూరు రాగానే పచ్చటి అరచెయ్యి వచ్చి "బియ్యము వేయవచ్చును" అంటుంది. ఆ పచ్చచెయ్యి లేకుండా వేసిన బియ్యం అన్నం కింద లెక్కకు రాదు.

దాలమ్మ ఆ పెట్టెను ఒళ్లో పెట్టుకుని బస్సులో కొండెక్కింది. మంచుగెడ్డ సముద్రమట్టానికి మూడువేల ఆరువందల అడుగుల పైన ఉంది. ఈ సంగతి బస్సు ఇంజనుకు తెలుసు. జీవోకు తెలియదు.

మర్నాడు పొద్దున్నే వార్డెన్ మజ్జి సత్యవేణి ఫోను పట్టుకుని పొయ్యి దగ్గర నిలబడింది. ఒకప్పుడు భౌతికశాస్త్రంలో డిగ్రీ చేసిన మనిషి. ఉద్యోగంలో చేరాక రిజిస్టర్లు రాసీ రాసీ ఆ శాస్త్రాన్ని చాలామటుకు మర్చిపోయింది. దాలమ్మ పుల్లను గుండిగలో ముంచింది. అంకెలు చకచకా ఎక్కాయి. ఎనభై, తొంభై, తొంభై అయిదు. నీళ్లు కుతకుతలాడాయి. తొంభై ఆరు పాయింటు నాలుగు దగ్గర అంకె ఆగింది.

"ఏటమ్మా ఇది, ఎక్కట్నేదు?" అంది దాలమ్మ.

"చూద్దాం. ఇంకాస్త మంట పెంచు."

దాలమ్మ మంట పెంచింది. నీళ్లు గుండిగ అంచుల మీంచి ఎగిరిపడ్డాయి. వంటిల్లు ఆవిరితో నిండి ఒకరికొకరు కనబడటం మానేశారు. అంకె మాత్రం ఉన్నచోటే ఉంది. అరగంటకు గుండిగలో జానెడు నీళ్లు ఇంకిపోయాయి. తక్కువైన నీళ్లు చన్నీళ్లతో నింపితే అంకె డెబ్భైకి పడి మళ్లీ పాకడం మొదలెట్టింది. మళ్లీ అక్కడికే వచ్చి ఆగింది.

వరండాలోంచి కంచాల చప్పుడు వినబడింది. మొదట సరదాగా, తర్వాత కోపంగా, ఆ తర్వాత చప్పుడే లేదు. కిటికీలోంచి ఒక పిల్ల తొంగిచూసింది.

"పెద్దమ్మా, ఇయ్యాల అన్నం నేదా?"

"ఉందే తల్లీ. నీలు మరుగుతన్నాయి."

"ఎప్పుడో మరిగిపోనాయి కదా!"

"మనకి మరిగినాయి. గవర్నమెంటుకి మరగలేదు."

తొమ్మిదిన్నరకి ఆరో తరగతి పిల్లలిద్దరు గోడకి జారబడి కూర్చున్నారని కబురొచ్చింది. దాలమ్మ ఎవరి వంకా చూడలేదు. చేటెత్తి బియ్యం గుండిగలో గుమ్మరించింది. ఫోను అంబులెన్సులాగా మొత్తుకుంది. సత్యవేణి దాన్ని కొంగులో చుట్టి, పప్పుల డబ్బాలో పెట్టి మూతేసింది. అయినా చాలాసేపు మొత్తుకుంటూనే ఉంది.

మూడో రోజుకి మెమో వచ్చింది. "రెండువందల పన్నెండు మంది విద్యార్థినులకు అనధికార అన్నము వడ్డించి, వారి ఆకలిని నిబంధనలకు విరుద్ధముగా తీర్చినందుకు మీపై ఏల చర్య తీసుకొనరాదో తెలుపవలెను."

సత్యవేణి అటక మీంచి పాత పుస్తకాలు దింపింది. రెండు రాత్రులు చదివి పై ఆఫీసుకు వివరంగా ఉత్తరం రాసింది. కొండల మీద గాలి పీడనం తక్కువగా ఉంటుంది, కాబట్టి నీళ్లు నూరుకంటే తక్కువ వేడి దగ్గరే మరుగుతాయి, మంచుగెడ్డలో తొంభై ఆరున్నర లోపే మరుగు, ఇది వంటమనిషి లోపం కాదు అని. తన ఉత్తరం తానే రెండుసార్లు చదువుకుని మురిసింది. చాలా ఏళ్ల తర్వాత తన చదువు ఒక పనికొచ్చింది.

పది రోజుల్లో జవాబు వచ్చింది. "మీరు పేర్కొనిన అల్పపీడనము విషయమై వాతావరణ కేంద్రమును సంప్రదించగా, ప్రస్తుతము బంగాళాఖాతములో ఎట్టి అల్పపీడనమూ లేదని తెలియవచ్చినది. కావున మీ వివరణ తిరస్కరించడమైనది. ఇది రెండవ మెమోగా భావించవలెను. మూడవ మెమోతో వంటమనిషి తొలగించబడును."

దాలమ్మ ఆ కాగితాన్ని చదివించుకుని చాలాసేపు పొయ్యి ముందు కూర్చుంది. ఆమెకు కూలిపనులు కొత్త కాదు. కాఫీతోటల్లో పళ్లు కోసైనా బతుకుతుంది. కానీ తన తర్వాత వచ్చే మనిషి ఎవరో? ఎర్రచెయ్యి చూసి చేతులు కట్టుకుని నిలబడేవాడే వస్తే? అప్పటికే ఉద్యోగం పోతుందన్న భయంతో దాలమ్మా సత్యవేణీ కూడా మెల్లగా దిగజారిపోయారు. నూరు వస్తుందేమోనని రోజూ గంటన్నర చూసి, రాక చివరికి బియ్యం పోయడం, పిల్లలు ఖాళీ కడుపులతో క్లాసుకి పోవడం, పదకొండింటికి వచ్చి చల్లారిన ముద్ద తినడం అలవాటైంది. పొద్దుటి పద్యాలు ఇప్పుడు ఎవరూ గట్టిగా చదవడం లేదని తెలుగు టీచరు చెప్పింది.

ఆ రోజుల్లోనే ఒక పొద్దున దాలమ్మ పరాకుగా, గుండిగలోని ఎసట్లో పిడికెడు ఉప్పు వేసింది. పుల్ల నీళ్లలోనే ఉంది. తొంభై ఆరు పాయింటు నాలుగు కాస్తా తొంభై ఆరు పాయింటు అయిదు అయింది.

"అమ్మా! కదిలింది! రండమ్మా, కదిలింది!"

సత్యవేణి పరుగెత్తుకొచ్చింది. ఏం చేశావని అడిగింది. ఉప్పు వేశానంది దాలమ్మ. సత్యవేణి నెత్తి మీద ఒకటి కొట్టుకుంది. "ఎలా మర్చిపోయానే! ఉప్పు కలిస్తే నీళ్లు మరగడానికి ఇంకా ఎక్కువ వేడి కావాలి. ఎంత ఉప్పు కలిపితే అంత పైకి పోతుంది."

"మరైతే నూరు రావాలంటే ఎంతెయ్యాల?"

సత్యవేణి బొగ్గుముక్క తీసుకుని వంటింటి గోడ మీద లెక్క కట్టింది. కొట్టేసి మళ్లీ కట్టింది. "నలభై లీటర్ల గుండిగకి ఎనిమిది కేజీలు."

"ఎనిమిది కేజీలా! అది అన్నమా, ఊరగాయా?"

కానీ మూడో మెమో ఏ పూటైనా రావచ్చు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఉప్పు బస్తా విప్పారు. ఆరో కేజీ దాటాక అంకె తొంభై తొమ్మిదికి వచ్చింది, ఎనిమిదో కేజీ చివర్లో నూరు తాకింది. పచ్చచెయ్యి వచ్చింది. ఫోను సన్నాయి వాయించి "భేష్! మీ పిల్లలు క్షేమము" అంది.

ఆ అన్నాన్ని పిల్లలు నోట్లో పెట్టుకున్నది పెట్టుకున్నట్టే ఉమ్మేశారు. పెరట్లో పారేస్తే కోళ్లు రెండు మెతుకులు పొడిచి నీళ్ల కోసం గెడ్డవైపు పరుగు తీశాయి. శాఖ లెక్కల్లో మాత్రం ఆ రోజు మంచుగెడ్డలో రెండువందల పన్నెండు మంది తృప్తిగా భోంచేశారు.

ఆ పూట పిల్లలకి అటుకులు నానబెట్టి పెట్టాక దాలమ్మ బాగా ఆలోచించింది.

"అమ్మా, ఈ పుల్ల ఏ గిన్నెలో ముంచామో ఫోనుకి తెలుస్తాదా?"

"తెలీదు. ముంచిన నీళ్లు ఎంత వేడో అదే తెలుసు."

"అయితే దానికో గిన్ని ఇచ్చేద్దాం. చిన్నది. దాని పొయ్యి దానిది, దాని ఉప్పు దానిది. మన గుండిగ మనది."

మర్నాటి నుంచి వంటింట్లో ఓ మూల రెండు లీటర్ల సత్తుగిన్నె వెలిసింది. అందులో నాలుగువందల గ్రాముల ఉప్పు పోసి, పుల్ల ముంచి, పచ్చచెయ్యి రాగానే దాలమ్మ పక్కనున్న గుండిగలో మంచినీళ్ల ఎసట్లో బియ్యం పోసేది. గంటకి వేడన్నం తయారు. పిల్లలు మళ్లీ గొంతెత్తి పద్యాలు చదివారు. ఎవరికీ ఏ నష్టమూ లేదు. ఒక నెల ప్రశాంతంగా గడిచింది.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, విజయం దాగదు. ఆ కొండల మీదున్న హాస్టళ్లన్నీ తొంభై అయిదు, తొంభై ఆరు దగ్గర ఈసురోమంటుంటే, మంచుగెడ్డ ఒక్కటే రోజూ నూటికి నూరు తెచ్చుకుంటోంది. రహస్యమేమిటో చూడటానికి శేషావతారం గారు స్వయంగా కొండెక్కారు. ఆయన వెంట శాఖ సలహాదారు డాక్టర్ హయగ్రీవం గారు వచ్చారు. హయగ్రీవం గారు అసలు గనుల శాఖ మనిషి. అక్కడ ఖాళీ లేక ఇక్కడికి వచ్చారు. సలహాదారుగా చేరాక ఏదో ఒక సలహా ఇవ్వాలి కాబట్టి దేన్నయినా గంభీరంగా చూస్తారు. సత్తుగిన్నెను కూడా అలాగే చూశారు.

"ఇదేమిటి?" అన్నారు.

దాలమ్మకి అబద్ధం చప్పున తోచలేదు. "అది ఫోనుకి బావూ. ఇది పిల్లలకి."

శేషావతారం గారు రెండు గిన్నెల చుట్టూ రెండుసార్లు తిరిగారు. ఉద్యోగం పోయిందనుకుంది దాలమ్మ. కానీ ఆయన మొహం వికసించింది.

"అద్భుతం! నీటికి లేని క్రమశిక్షణను ఉప్పుతో అలవరచారన్నమాట. డాక్టరుగారూ, దీన్ని రాష్ట్రమంతా ఎందుకు పెట్టకూడదు?"

"పెట్టవచ్చును. అయితే ఏ ఉప్పు? అది నిర్ధారణ కావాలి."

అక్కడికక్కడే లవణ నిర్ధారణ సంఘం ఏర్పడింది. సభ్యులు వాళ్లిద్దరే. మర్నాడు జీపులో నాలుగు రకాల ఉప్పు వచ్చింది. కల్లుప్పు, ప్యాకెట్టు పొడి ఉప్పు, సైంధవ లవణం, నల్ల ఉప్పు. పొయ్యి మీద రెండేసి లీటర్ల నీళ్లు పెట్టించి, ఒక్కోదాంట్లో ఒక్కో ఉప్పు ఇరవై గరిటెలు పోయించారు. పొడి ఉప్పు నీళ్లు తొంభై తొమ్మిదిన్నర దగ్గర మరిగాయి. కల్లుప్పువి తొంభై ఎనిమిదిన్నర. సైంధవమూ నల్ల ఉప్పూ మధ్యలో ఉన్నాయి. నల్ల ఉప్పు గిన్నెలోంచి మురిగిన గుడ్ల వాసన వచ్చి పిల్లలు ముక్కులు మూసుకున్నారు. హయగ్రీవం గారు మాత్రం "గుడ్డు వాసన వచ్చుచున్నది. ఆ రోజు మెనూలో గుడ్డు అవసరమా అనునది పరిశీలించదగినది" అని రాసుకున్నారు.

"కల్లుప్పు స్వభావరీత్యా సోమరి. పొడి ఉప్పు చురుకైనది" అని కూడా రాసుకున్నారు.

దాలమ్మ ఉండబట్టలేకపోయింది. "సోమరితనం కాదు బావూ. కల్లుప్పు గరిటెలో పోత్తే మధ్యలో సందులుంటాయి. గరిటె నిండుద్ది గానీ ఉప్పు తక్కువ పడుద్ది. ఇంట్లో కూర వండినా అంతే కదా. తూకం ఏసి సూడండి, అన్నీ ఒక్కలాగే మరుగుతాయి."

కాటా తెచ్చి ఆమే తూచింది. నాలుగు రకాలూ నాలుగేసి వందల గ్రాములు పోసింది. నాలుగు గిన్నెలూ ఇంచుమించు నూరు దగ్గరే మరిగాయి. తేడా ఫోనులో అంకె వణికినంత కూడా లేదు. సత్యవేణికి ఆమెను కౌగిలించుకోవాలనిపించింది.

హయగ్రీవం గారు పెన్నుకు మూత పెట్టారు. "పరిశీలన బాగానే ఉందమ్మా. కానీ తూకం మా పరిధిలోకి రాదు. అది తూనికలు, కొలతల వారిది. మేము గరిటెల వరకే."

రెండు వారాల్లో నివేదిక వచ్చింది. సోమరి అయినందున కల్లుప్పును తోసిపుచ్చారు. పొడి ఉప్పు మరీ సామాన్యంగా ఉంది, దాన్ని నిర్ధారించడానికి సంఘం ఎందుకని ఎవరైనా అడగవచ్చు. సైంధవ లవణాన్ని ఎంపిక చేశారు. అది ఉపవాసాల రోజున కూడా పనికొస్తుంది గనక ఏకాదశి నాడు ప్రమాణం దెబ్బతినదని కారణం చూపారు. ప్రతి హాస్టల్‌కీ ధ్రువీకృత గిన్నె, ధ్రువీకృత గరిటె, సైంధవ లవణం చేరాలని ఉత్తర్వు వెళ్లింది.

ఉత్తర్వు కొండలకీ సముద్రతీరానికీ ఒక్కలాగే వెళ్లింది. తీరంలో నీళ్లు మామూలుగానే నూరు దగ్గర మరుగుతాయి. ఇరవై గరిటెల సైంధవం పడేసరికి నూట మూడుకి ఎక్కాయి. అక్కడి వంటవాళ్లకి "అతి మరుగు" కింద మెమోలు వెళ్లాయి. ఒకాయన భయపడి గిన్నెలో ఐస్‌గడ్డలు వేశాడు. తీరంలో మిగిలిపోతున్న డిగ్రీలను కొండ హాస్టళ్లకు కాగితాల మీద బదలాయించే ప్రతిపాదన పరిశీలనలో ఉందని శేషావతారం గారు ఒక సభలో చెప్పారు.

ఇదంతా దాలమ్మ చెవిన వేసుకుని నవ్వుకునేదే గానీ, అప్పుడే ఆడిట్‌వాళ్లు ఒక ప్రశ్న వేశారు. "అనుమతి పొందిన గిన్నె ఒకటి, అన్నము వండిన గిన్నె వేరొకటి. అనుమతి లేని గిన్నెలోని అన్నమును పిల్లలకు ఏల వడ్డించుచున్నారు?"

ప్రశ్న న్యాయంగానే ఉంది. ఆఫీసులో ఎవరికీ జవాబు దొరకలేదు. దొరక్కపోతే కొత్త ఉత్తర్వు ఇవ్వడమే పద్ధతి. "వచ్చే సోమవారము నుండి ధ్రువీకృత లవణ జలములోనే అన్నము వండవలెను. చిన్న గిన్నె పద్ధతి రద్దు. మంచుగెడ్డ పాఠశాలలో ప్రత్యేకాధికారి వారి సమక్షమున ప్రారంభోత్సవము, సహపంక్తి భోజనము."

సత్యవేణి ఆ ఉత్తర్వు చదివి వంటింటి గడప మీద కూలబడింది.

"ఎనిమిది కేజీల ఉప్పు దాలమ్మా, రోజూ! పిల్లలు చచ్చిపోతారు. నేను సెలవు పెట్టేస్తాను. లేదంటే రాజీనామా ఇచ్చేస్తాను."

"మీరు ఎల్లిపోతే పిల్లలకి ఎవరున్నారమ్మా? సదవండి, ఇంకోసారి సదవండి. ముందు ఎవరు తింటారని రాసారు?"

"ముఖ్య అతిథులు భుజించిన పిమ్మట విద్యార్థినులకు వడ్డించవలెను."

"ముందు ఆల్లు, తరవాత పిల్లలు."

"అవును."

"సరే మరి. ఆర్డర్లో ఏటుందో అదే సేద్దాం. ఒక్క గరిటె తగ్గకుండా."

సత్యవేణి ఆమె మొహంలోకి చూసింది. దాలమ్మ మొహంలో ఏమీ లేదు. ప్రభుత్వ ఉత్తర్వును తు.చ. తప్పకుండా పాటించబోయే మనిషి మొహంలో ఎంత ప్రశాంతత ఉండాలో అంతే ఉంది. కానీ ఈ ఎత్తు పారకపోతే తన ఉద్యోగంతోపాటు సత్యవేణిది కూడా పోతుందని ఆమెకు తెలుసు.

సోమవారం తెల్లారకుండానే పిల్లలను లేపి చోడి అంబలి, ఉడికిన చిలగడదుంపలు పెట్టింది. అంబలికి అనుమతి అక్కర్లేదు. ఫోనుకి బియ్యం ఒక్కటే తెలుసు. కడుపులు నిండిన పిల్లలు తలలకి నూనె రాసుకుని, రిబ్బన్లు కట్టుకుని, స్వాగతగీతం పాడటానికి వరండాలో నిలబడ్డారు.

పదింటికి కార్లు వచ్చాయి. శేషావతారం గారు, హయగ్రీవం గారు, ఫోటోలవాళ్లు ఇద్దరు. గుండిగకి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, బంతిపూల దండ వేశారు. శేషావతారం గారు మొదటి గరిటె సైంధవ లవణం స్వహస్తాలతో వేశారు. మిగతా నాలుగువందల చిల్లర గరిటెలూ దాలమ్మ వేసింది. లెక్క తప్పకుండా సత్యవేణి పక్కన నిలబడి పైకి చదివింది. అంకె నూరు తాకింది. సన్నాయి మోగింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. బియ్యం పడ్డాయి.

వరండాలో చాపలు పరిచి, అడ్డాకుల విస్తళ్లు వేశారు. దాలమ్మ ముందు శేషావతారం గారి విస్తట్లో కుప్పగా అన్నం పెట్టింది, తర్వాత హయగ్రీవం గారి విస్తట్లో. అన్నం చూడ్డానికి తెల్లగా, పొడిపొడిగా, బొమ్మలో అన్నంలా ఉంది. ఫోటోలవాళ్లు ముందుకి వంగారు.

"సార్, ఒక్క ముద్ద ఇటు తిరిగి."

శేషావతారం గారు పెద్ద ముద్ద కలిపి, కెమెరా వంక నవ్వుతూ నోట్లో పెట్టుకున్నారు.

నవ్వు అలాగే నిలిచిపోయింది. కనుబొమలు మెల్లగా పైకి లేచాయి. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ముద్ద అటూ వెళ్లదు, ఇటూ రాదు. ఉమ్మడానికి కెమెరాలు ఎదురుగా ఉన్నాయి. ఆయన ముప్పై ఏళ్ల సర్వీసును గుర్తు చేసుకుని మింగేశారు.

"ఎలా ఉంది సార్?" అడిగాడు ఒక విలేకరి.

"ప్రమాణం..." అని కాసేపు ఆగారు. "ప్రమాణం తెలుస్తోంది."

"ఇంకొంచెం ఎయ్యమంటారా బావూ?" దాలమ్మ గరిటె పట్టుకుని వినయంగా వంగింది.

"వద్దమ్మా. లోటేమీ లేదు."

"మొహమాటపడకండి. మీరు తిన్నాకే పిల్లలు తినాలంట, ఆర్డర్లో ఉంది. సూడండి పాపం, ఎంతమంది నిలబడ్డారో."

రెండువందల పన్నెండు మంది పిల్లలు వరండా చివర నిలబడి, ఆయన నోటివంకే చూస్తున్నారు. శేషావతారం గారు వాళ్లను చూశారు. విస్తట్లో కుప్పను చూశారు. జీవితంలో మొదటిసారి ఆయనకు ఒక ఉత్తర్వు ఆకారంలో కాకుండా రుచిలో తెలిసింది. రెండో ముద్ద కలిపారు. చెయ్యి నోటిదాకా వెళ్లి ఆగింది.

పక్కన హయగ్రీవం గారు అప్పటికే రంగు మారారు. "మజ్జిగ... మజ్జిగ ఉందా అమ్మా?"

"మజ్జిగ మెనూలో లేదు బావూ."

"మంచినీళ్లు?"

"ఉన్నాయి బావూ. ఉప్పెయ్యనివే."

ఇద్దరూ చెరో చెంబు ఎత్తి గటగటా తాగారు. మళ్లీ పోస్తే మళ్లీ తాగారు. సమయాభావం వల్ల పిల్లల వడ్డనతో సహా మిగిలిన కార్యక్రమం రద్దయిందని శేషావతారం గారు నిలబడి ప్రకటించారు. ఘాట్‌రోడ్డులో నీళ్లు తాగడానికి ప్రతి గెడ్డ దగ్గరా కారు ఆగిందని తర్వాత డ్రైవరు చెప్పాడు.

ఆ మధ్యాహ్నం సత్యవేణి సామాన్లు సర్దుకుంది. పెట్టెకి తాళం వేసి మంచం మీద కూర్చుంది. దాలమ్మ కూడా తన చీరలు రెండూ మూట కట్టుకుంది. మూడో మెమో కోసం ఇద్దరూ ఎదురుచూశారు. రెండ్రోజులు గడిచాయి, వారం గడిచింది. పిల్లలకి ఆకలి ఆగదు కాబట్టి ఎవరినీ అడక్కుండానే దాలమ్మ చిన్నగిన్నెను మళ్లీ పొయ్యెక్కించింది.

తొమ్మిదో రోజున పొద్దున్నే టపా వచ్చింది. సత్యవేణి కవరు చింపకుండా వంటింట్లోకి తెచ్చి, పొయ్యి వెలుగులో చించింది.

"సదవండమ్మా. ఏదైతే అదైంది."

సత్యవేణి గొంతు సవరించుకుని చదివింది. "మంచుగెడ్డ అనుభవము దృష్ట్యా, ఉన్నతాధికారుల ఆరోగ్యమును కాపాడు నిమిత్తము ఈ దిగువ ఉత్తర్వులు జారీ చేయడమైనది. ఇకపై తనిఖీకి వెళ్లు అధికారులెవరూ వసతిగృహములలో భుజించరాదు. ధ్రువీకృత జలములో వండిన అన్నమును ఒక చిన్న గిన్నెలో విడిగా ఉంచి, కేవలము పరిశీలనకు, ఛాయాచిత్రములకు మాత్రమే వినియోగించవలెను. సదరు అన్నమును అధికారులు ఏ పరిస్థితిలోనూ రుచి చూడరాదు."

"ఇంకా?"

"సంతకం. అంతే."

"మెమో?"

"లేదు."

"మరి పిల్లల సంగతి ఏటి రాసారు?"

సత్యవేణి కాగితాన్ని తిప్పి వెనకవైపు చూసింది. మళ్లీ ముందువైపు మొదటి అక్షరం నుంచి చివరిదాకా వేలు పెట్టుకుని చదివింది.

"పిల్లల గురించి ఏమీ లేదు దాలమ్మా."

"ఒక్క ముక్కైనా?"

"ఒక్క ముక్క కూడా లేదు."

దాలమ్మ గుండె మీద చెయ్యి వేసుకుని గట్టిగా ఊపిరి వదిలింది.

"బతికిపోనారు తల్లులు" అంది. చేట అందుకుంది.